నీలం పట్టని చోటు

భూతద్దం అనే పేరు ఆవిడకి కన్నవాళ్లు పెట్టింది కాదు. ఆవిడ చేతికింద తుడుపు పని చేసిన ఆడవాళ్లు పెట్టింది. వాళ్లు చెమటోడ్చి కిటికీ తుడిచి, హమ్మయ్య అని నడుం వాల్చబోయే వేళకి ఆవిడ వచ్చేది. మెడ ఒక పక్కకి వాల్చి, ఒక కన్ను చికిలించి చూసేది. చూసి, ఎవరికీ కనిపించని ఒక మూలకి వేలు పెట్టి చూపించేది. అక్కడ మరక ఉండి తీరేది. లేకపోతే ఆవిడ వేలు పెట్టినందుకైనా పడేది.

"మా ఆవిడ తుడిచిన గచ్చు మీద ఒక ఈగ వాలబోయి జారిపడింది. కాలు బెణికి, పాపం, నెల్లాళ్లు కుంటుకుంటూ ఎగిరింది" అని ఆవిడ మొగుడు చెప్పేవాడు. ఈగ కుంటుకుంటూ ఎగరడమేమిటయ్యా అని ఎవరైనా అడ్డు తగిలితే, "కుంటలేదని నువ్వు చూశావా?" అని నోరు మూయించేవాడు. ఆయన్ని ఊరంతా కోతలరాయుడు అంటుంది. అన్నందుకు ఆయనకేం బాధ లేదు. బిరుదు ఉత్తినే వస్తుందా? చేసేది మాత్రం వ్యాను నడపడం. బకెట్లు, తుడుపుకర్రలు, మనుషులు, ఆయన కోతలు అన్నీ ఆ వ్యానులోనే ప్రయాణం చేసేవి. టైర్లు అరిగేది కోతల బరువుకే అని ఆవిడ అంటుంది.

ఆ వ్యానుకీ బకెట్లకీ వీళ్లిద్దరికీ కూడా యజమాని వీళ్ల కూతురే. తల్లి దగ్గర పని నేర్చుకుని, తల్లి కంటే పెద్ద నోరు సంపాదించి, దుకాణాలూ ఆఫీసులూ శుభ్రం చేసే కంపెనీ పెట్టుకుంది. దానికి ఒక అల్లుడు తోడయ్యాడు. ఆ అల్లుడు కొత్తగా ఒక పూత తెచ్చాడు. గొడవంతా అక్కడ మొదలైంది.

బస్టాండు అవతల ఒక పెద్ద భవనం ఉంది. కింద దుకాణాలు, పైన ఆఫీసులు, ఆ పైన జిమ్ము. పొద్దున్నించి సాయంత్రం దాకా వచ్చేపోయే జనం పట్టుకున్న తలుపుల పిడులే పట్టుకుని, నొక్కిన లిఫ్టు మీటలే నొక్కుతూ ఉంటారు. ఒకడికి జలుబు చేస్తే సాయంత్రానికి ఆరు అంతస్తులూ తుమ్మేవి. ఆ భవనం మొత్తం తుడిచే పని, దానితో పాటు క్రిములు నిలవకుండా పూత పూసే పని దొరికితే కూతురి కంపెనీ ఒడ్డున పడ్డట్టే. దానికోసం ఆమె చిన్నాచితకా దుకాణాలన్నీ వదులుకుంది. పూత చల్లే యంత్రం అద్దెకి తెచ్చింది. ఈ పని రాకపోతే యంత్రం వెనక్కి పోతుంది, వదులుకున్న దుకాణాలు తిరిగి రావు, తమని నమ్ముకున్న ఆడవాళ్లు వేరే గుమ్మం వెతుక్కోవాలి.

పని ఇవ్వాల్సింది మేనేజరు. ఆయన మంచివాడే కాని నమ్మకం అనే పదార్థం ఆయన ఒంట్లో పుట్టలేదు. అద్దంలో తన మొహం చూసుకున్నా, ఇది నాదేనా అని పక్కవాణ్ణి సాక్ష్యం అడిగే రకం. అంతకుముందు తుడిచిన కంపెనీలని ఒకదాని వెనక ఒకటి సాగనంపాడు. ఎందుకని అడిగితే, "మరక పోగొట్టలేకపోయారు" అనేవాడు తప్ప, ఏ మరకో ఎవరికీ చెప్పలేదు.

"కింద లిఫ్టు హాలు ఇస్తాను. పూయండి. ఒక్క అంగుళం వదలొద్దు. వారం తర్వాత నా కళ్లముందు పరీక్ష చెయ్యండి. అప్పుడు చూద్దాం" అన్నాడు.

ఆ సాయంత్రం ఇంట్లో పంచాయితీ జరిగింది. ముద్దాయి భూతద్దం.

"అమ్మా, పూత పూశాక ఆ గోడ నీది కాదు" అంది కూతురు.

"మరెవరిదే?"

"పూతది."

అల్లుడు గొంతు సవరించుకున్నాడు. "అత్తయ్యా, ఈ పూత ఆరాక గోడ మీద కంటికి కనపడని ముళ్లు మొలుస్తాయనుకోండి. క్రిమి వచ్చి వాలిందా, పొట్ట పగిలి చస్తుంది."

"ముళ్లయితే చెయ్యి గీసుకోదూ?"

"మన చేతికి తెలియనంత సన్నవి."

"కనపడదు, చేతికి తెలియదు. వాసనేమన్నా ఉందా?"

"లేదత్తయ్యా."

"చూడు బాబూ, ఇలాంటివి ఉండాల్సింది గోడ మీద కాదు. మీ మామయ్య నోట్లో."

కోతలరాయుడు తనని పొగిడినట్టే తల పంకించాడు. "అవునల్లుడూ, నాకు తెలుసు ఆ ముళ్లు. మా చిన్నప్పుడు ఒకాయన వాటితో చొక్కా కుట్టించుకున్నాడు."

"నువ్వు ఊరుకోవయ్యా." ఆవిడ అల్లుడి వైపు తిరిగింది. "అయితే ఇక తుడవక్కర్లేదంటావ్. చీపురు పట్టినవాళ్లం ఇంటికెళ్లి గోళ్లు గిల్లుకోవాలంటావ్."

"అయ్యో, తుడవకపోతే ఎలా? దుమ్ము పేరుకుంటే ముళ్లు దాని కింద పడిపోతాయి. రోజూ తుడవాల్సిందే. కాకపోతే పల్చటి సబ్బునీళ్లు, మెత్తటి గుడ్డ. అంతే. పొడి వేసి పీచుతో రుద్దితే మాత్రం ముళ్లు ఊడొస్తాయి."

పొడి అనే మాట వినగానే కూతురి చూపు తల్లి నడుం మీదికి పోయింది. ఆవిడ నడుం దగ్గర చీరలో ఒక చిన్న రేకు డబ్బా ఎప్పుడూ దోపుకుని ఉంటుంది. ముక్కుపొడుం డబ్బాలా ఉంటుంది కాని అందులో ఉండేది తోముడు పొడి. పక్కనే మడిచిన పచ్చ పీచు ముక్క. పెళ్లికి వెళ్లినా అవి రెండూ వెళ్లేవి.

"డబ్బా ఇలా ఇవ్వు" అంది కూతురు.

"ఇది ఖాళీదే."

"ఖాళీదైతే ఇవ్వడానికేం?"

"ఖాళీదైతే తీసుకోవడానికేం?"

కూతురు కాసేపు తల్లి మొహంలోకి చూసింది. ఆ చూపులో నోరు లేదు, బతిమాలడం ఉంది. "అమ్మా, ఈ వారం ఒక్కటి. ఆ గోడ మీద నీ పొడి పడకూడదు. ఈ పని పోతే నేను మళ్లీ మొదటికొస్తాను."

ఆవిడ చేతిలో చెయ్యేసి మాటిచ్చింది. డబ్బా మాత్రం ఇవ్వలేదు.

సెలవు రోజు చూసుకుని పూత పని పెట్టుకున్నారు. హాల్లో దీపాలు తీసేసి ఉన్నాయి, పెద్ద తలుపులోంచి వచ్చే పగటి వెలుగే దిక్కు. లిఫ్టుల పక్కన గోడకి నిలువెత్తున పాలరంగు పలకలు, నున్నగా నిగనిగలాడుతూ ఉంటాయి. ఆ గోడని ఆడవాళ్లు జిడ్డు లేకుండా కడిగి ఆరబెట్టారు. భూతద్దానికి మెట్లు అప్పజెప్పారు. గోడకి దూరంగా ఉంచడానికని ఆవిడకీ తెలుసు, చెప్పిన కూతురికీ తెలుసు. ఆవిడ మెట్లు తోముతూనే ఓరకంట అల్లుణ్ణి చూసింది. చేతిలో తుపాకీలాంటిది పట్టుకుని, మూతికి గుడ్డ కట్టుకుని, మంచు కురిసినట్టు చల్లుతున్నాడు. మెట్ల కమ్మీకి ఇటుపక్కనుంచే చల్లాడు. అటుపక్క వదిలేశాడు.

దొరికాడు అనుకుంది ఆవిడ. మెల్లగా వెళ్లి కమ్మీ వెనక వేలు పెట్టింది. వెనకా తడే.

"అటు కొట్టకుండా అటెలా పట్టిందయ్యా?"

"చుక్కలకి కరెంటు పెట్టి వదులుతుందత్తయ్యా యంత్రం. అవి కమ్మీ చుట్టూ తిరిగి అతుక్కుంటాయి."

"పెళ్లికి పిలవని చుట్టంలా ఉన్నాయే. వెనక గుమ్మంలోంచి వచ్చి ముందు వరసలో కూర్చున్నాయి" అని, ఆవిడ వేలు కొంగుకి తుడుచుకుని మెట్ల దగ్గరికి పోయింది. మనసులో మాత్రం, వీడు పనివాడే అనుకుంది. పైకి అనలేదు. అల్లుడికి పొగడ్త చిన్నపిల్లాడికి బెల్లంలాంటిది, అలవాటు చెయ్యకూడదు.

ఆ తర్వాత మొదలయ్యాయి ఆవిడ కష్టాలు. మర్నాటి నుంచి ఆ గోడని పసిపిల్ల మూతి తుడిచినట్టు తుడవాలి. మెత్తటి గుడ్డ తడిపి, పిండి, అలా అలా అనాలి. ఆవిడ చేతికి అలా అలా అనడం తెలియదు. జీవితమంతా గుండ్రంగా తిప్పి తిప్పి రుద్ది, చివర్లో కిందికి ఒక్క లాగు లాగి విదిలించేది. తోక ఉన్న సున్నాలా. ఆవిడ తోమిన పళ్లెం ఏటవాలుగా పట్టుకుని చూస్తే ఆ సున్నా, ఆ తోక కనిపించేవి. ఇప్పుడు ఆ చెయ్యి పగ్గం వేసిన ఎద్దులా గింజుకుంది. పగలంతా ఆపుకున్నది ఇంటికొచ్చాక గిన్నెల మీద తీర్చుకుంది.

"కాస్త నెమ్మదే" అన్నాడు మొగుడు. "గిన్నెలు పల్చబడిపోతున్నాయి. ఇంకో నాలుగు తోముళ్లయితే లోపల నీళ్లు బయటికి కనపడతాయి."

అయినా మాట నిలబెట్టుకుంది. పరీక్ష రేపనగా, మధ్యాహ్నం దాకా నిలబెట్టుకుంది.

ఆ మధ్యాహ్నం వ్యాను బయట పెట్టి కోతలరాయుడు హాల్లోకి వచ్చాడు. కాపలావాడు దొరికాడు. వినేవాడు దొరికితే ఆయనకి ఆనుకోవడానికి గోడ కావాలి. తలనిండా నూనె రాసుకుని, ఆ పాలరంగు పలకలకి తల ఆనించి నిలబడ్డాడు.

"మా చిన్నప్పుడు ఒక సబ్బు ఉండేదోయ్. దాంతో ఒకాయన స్నానం చేశాడు. ఎంత శుభ్రమైపోయాడంటే ఎవరికీ కనపడలేదు. ఇంట్లోనే తిరుగుతున్నాడు, అన్నం పెట్టమంటున్నాడు, మనిషి లేడు. చివరికి వాళ్లావిడ ఏడుస్తూ, ఏవండీ కాస్త దుమ్ములో దొర్లి రండీ అని..."

"జరుగు అక్కణ్ణించి" అని పెళ్లాం గొంతు వినిపించింది. ఆయన ఉలిక్కిపడి తల ఎత్తాడు. గోడ మీద నూనె చందమామ మిగిలింది.

"నీ తలకాయ తగలెయ్య. ఎక్కడ ఆనావో తెలుసా?"

"గోడకే కదే ఆనాను. నీ నెత్తికి కాదుగా."

"దాని మీద ముళ్లున్నాయి."

"గుచ్చుకోలేదే" అని ఆయన బుర్ర తడుముకుంటూ వ్యాను వైపు జారుకున్నాడు. ఆవిడ కళ్లజోడు ఆ వ్యానులోనే, స్టీరింగు పక్క గూట్లో ఉంది. కళ్లజోడు కనపడనివాళ్లకి, నాకెందుకు అని ఆవిడ దాన్ని అక్కడే కాపురం పెట్టించింది.

ఆవిడ పద్ధతి ప్రకారమే మొదలుపెట్టింది. మెత్తటి గుడ్డ, పల్చటి సబ్బునీళ్లు. నూనె వచ్చేసింది. గుడ్డకి అంటుకుంది, చూసింది కూడా. వారమంతా గోడకి దగ్గరగా నిలబడి తుడిచినావిడ, ఇవాళే ఒకడుగు వెనక్కి వేసి మెడ వాల్చి కన్ను చికిలించింది. చందమామ పోయింది కాని దాని చోట ఇంకోటి ఉంది. కుండ మూతంత, గుండ్రంగా, నల్లగా, అంచులు మసగ్గా.

మళ్లీ తుడిచింది. దగ్గరికెళ్తే పల్చబడినట్టుంటుంది, వెనక్కొస్తే అలాగే ఉంటుంది. ఇన్నేళ్లుగా ఆ తలకి పట్టిన నూనె, ఊరికే పోతుందా అనుకుంది. గుడ్డ మార్చింది. నీళ్లు మార్చింది. మరక మారలేదు.

రేపు పొద్దున్నే ఆ నమ్మకంలేని మనిషి ఈ గోడ ముందు నిలబడతాడు. మరక పోగొట్టలేదనే కదా అందర్నీ పంపేశాడు. మొగుడి తలనూనె వల్ల కూతురి పని పోయిందంటే ఇక ఆ ఇంట్లో తల ఎలా ఎత్తుకు తిరగడం? మాటిచ్చింది నిజమే. కాని మాటిచ్చినప్పుడు మరక లేదు. మరక లేనప్పుడు ఇచ్చిన మాట మరక ఉన్నప్పుడు చెల్లుతుందా? ఈ ధర్మసందేహం తీరకముందే చెయ్యి నడుం దగ్గరికి పోయి, డబ్బా మూత తీసేసింది.

ఇక ఆపతరమా! పొడి చల్లింది, పీచు తడిపింది, వారంరోజుల కరువు తీరేలా తిప్పింది. సున్నా మీద సున్నా, తోక మీద తోక. కడిగి చూసింది. మరక ఉంది. మళ్లీ రుద్దింది. జబ్బ సలిపింది, నుదుటి చెమట ముక్కు మీదికి కారింది, గోడ పలక పలకగా మెరిసిపోయింది. మరక కదల్లేదు.

కదల్లేదు అనుకుంది. బకెట్లో నీళ్లు ముంచుకోవడానికి పక్కకి జరిగితే, కదిలింది.

ఆవిడ ఆగిపోయింది. మళ్లీ ఇటు జరిగింది. మరక ఇటు వచ్చింది. అటు జరిగింది. అటు వెళ్లింది. వంగితే వంగింది. ఇంత వినయమున్న మరకని ఆవిడ పుట్టి బుద్ధెరిగి చూడలేదు. అప్పుడు నెమ్మదిగా వెనక్కి తిరిగింది. ఎదురుగా స్తంభం మీద ఒక పెద్ద గడియారం, నల్లగా, గుండ్రంగా, దీపం వెలుగులో తీరిగ్గా టిక్కు టిక్కుమంటూ ఆవిడనే చూస్తోంది.

నున్నటి పలకలో పడిన గడియారం నీడని ఆవిడ సగం మధ్యాహ్నం తోమింది.

నవ్వు రావాల్సిన చోటే. కాని చేతిలో పచ్చ పీచు ఉంది, పాదాల దగ్గర తెల్లటి పొడి నీళ్లున్నాయి, ఆ నీళ్లలో అల్లుడి ముళ్లున్నాయి. ఆవిడ గబగబా నేల తుడిచేసి, డబ్బా దోపుకుని, ఎవరికీ ఏమీ చెప్పకుండా వ్యాను ఎక్కింది. దారిలో మొగుడు సబ్బు కథ మిగతా సగం చెప్పాడు. ఆవిడ ఒక్కసారి కూడా ఊరుకోవయ్యా అనలేదు. ఆయన భయపడి తనే ఊరుకున్నాడు.

మర్నాడు పొద్దున అందరికంటే ముందు హాల్లోకి వెళ్లింది ఆవిడే. వెళ్లి, తను రుద్దిన చోటికి వీపు ఆనించి నిలబడింది. కూతురు వచ్చింది, అల్లుడు వచ్చాడు, మేనేజరు వచ్చాడు. ఆవిడ కదల్లేదు.

"అత్తయ్యా, ఇలా కూర్చోండి" అని అల్లుడు కుర్చీ తెచ్చాడు.

"నిలబడితేనే నాకు సుఖం బాబూ."

"ఎప్పుడూ నడుం నొప్పంటావు" అంది కూతురు.

"ఇవాళ లేదు. పోయింది."

కోతలరాయుడు పెళ్లాం వంక అనుమానంగా చూశాడు. నడుం నొప్పి లేదంటే ఏదో కొంప మునిగిందన్నమాటే.

పరీక్ష చిన్నదే. ఒక సీసాలో నీలం రంగు నీళ్లు. పూత ఉన్నచోట చల్లి కడిగితే నీలం అక్కడే పట్టుకుంటుంది; పూత లేనిచోట నీళ్లతో పాటే కారిపోతుంది. చూశాక ఆ రంగు తీసెయ్యడానికి వేరే మందు ఉంది. కనపడని పనిని కనపడేలా చెయ్యడానికి ఇదొక్కటే దారి.

"ఎక్కడ చల్లమంటారో మీరే చూపించండి సార్" అన్నాడు అల్లుడు.

మేనేజరు తలుపు పక్క పలక చూపించాడు. చల్లారు, కడిగారు. లేత నీలం నిలిచింది. మీటల పక్కన చూపించాడు. నిలిచింది. కాపలావాడి బల్ల ముందు, మెట్ల మొదట్లో, గోడ ఆ చివర. ఎక్కడ చల్లినా ఆకాశం ముక్క కోసి అతికించినట్టు నీలం. కూతురి మొహంలో వెలుగు వస్తోంది. భూతద్దం గోడకి ఇంకా కాస్త అతుక్కుంది.

మేనేజరు గడ్డం నిమురుకున్నాడు. "బాగుంది. కాని నాకో సందేహం."

"చెప్పండి సార్."

"మీ నీలం ఎక్కడైనా పడుతుందేమో. నీలం గుణమే పట్టుకోవడం కదా. మా ఇంట్లో తెల్లచొక్కాకి పడింది, ఇప్పటికీ పోలేదు. చొక్కాకి ఏ పూత పూశానని?"

"అది వేరండీ. పూత లేని పలక మీద చల్లి చూపిస్తాం. మీ స్టోరు రూములో మిగిలిన పలకలు ఉన్నాయి కదా, ఒకటి తెప్పిస్తాను."

"అది ఏ నాటిదో, దాని మీద ఏముందో."

"మీ స్టోరే కదా సార్."

"నా స్టోరే కాబట్టి చెప్తున్నాను, నాకు నమ్మకం లేదు. ఈ గోడ మీదే, ఈ పలకల్లోనే, పూత లేనిచోటు ఒకటి చూపించండి. ఇక్కడ పట్టి, అక్కడ పట్టకపోతే ఒప్పుకుంటాను."

"మొత్తం పూశాం సార్. ఒక్క అంగుళం వదలొద్దని మీరే అన్నారు."

"అన్నాను. వదల్లేదనడానికి సాక్ష్యమేదని ఇప్పుడు అడుగుతున్నాను."

కోతలరాయుడికి కూడా కోత దొరకలేదు, అంత గట్టిగా బిగుసుకుంది ముడి. "సరేలెండి, ఆలోచించి కబురు చేస్తాను" అన్నాడు మేనేజరు. ఆ కబురు ఎలాంటిదో అక్కడ అందరికీ తెలుసు. కూతురు వంగి నీళ్ల గొట్టం చుట్టడం మొదలుపెట్టింది. చుట్ట సరిగా రాక విప్పింది, మళ్లీ చుట్టింది. చిన్నప్పుడు ఏడుపు ఆపుకోవాలంటే ఆ పిల్ల ఇలాగే చేతిలో ఏది ఉంటే దాన్ని చుట్టేది.

భూతద్దానికి వీపు వెనక పలక చల్లగా తగిలింది. ఇక్కణ్ణించి కదిలితే కూతురికిచ్చిన మాట తప్పిన గుట్టు రట్టవుతుంది. కదలకపోతే కూతురి బతుకు గొట్టంలా చుట్టుకుపోతుంది. ఆవిడ పక్కకి జరిగింది.

"బాబూ, ఇక్కడ కొట్టు."

"అక్కడెందుకత్తయ్యా, అంతటా ఒకటేగా."

"ఒకటి కాదు. ఇక్కడ పూత లేదు. నేనే తోమి పారేశాను."

కూతురు గొట్టం వదిలేసి లేచింది. "అమ్మా" అంది. అంతే అంది. తిట్టినా బాగుండేది.

"తర్వాత తిడుదువు గానిలే. ముందు కొట్టమను."

అల్లుడు అత్తగారి మొహం చూశాడు, గోడ చూశాడు, సీసా ఎత్తాడు. నిలువునా నీలం చల్లాడు. నిమిషం ఆగి నీళ్లు వదిలాడు. నీలం చారలు చారలుగా కిందికి దిగింది. దిగుతూ దిగుతూ మధ్యలో ఒక పెద్ద తెల్లటి గుండ్రం బయటపడింది. దాని పక్కన ఇంకోటి, దానిమీద ఇంకోటి. ఒక్కొక్కదానికీ కిందికి లాగి విదిలించిన తోక. చుట్టూతా నీలం అలాగే నిలబడి ఉంది.

కోతలరాయుడు ముందుకొచ్చి, వంగి, చేతులు వెనక్కి కట్టుకుని పరిశీలించాడు. "సందేహం లేదు. మా ఆవిడ చేవ్రాలే. మా ఇంట్లో పళ్లేల మీద కూడా ఇదే ఉంటుంది."

మేనేజరు తనే గుడ్డ తడుపుకుని వచ్చాడు. నీలం మీద రుద్దాడు, రాలేదు. తెల్లటి గుండ్రం మీద తనే నీలం చల్లుకుని కడిగాడు, నిలవలేదు. ఉత్త చేత్తో తడిమాడు, వాసన చూశాడు. ఒకే పలక, ఒకే గోడ. ఇక సందేహించడానికి ఆయన దగ్గర సరుకు అయిపోయింది.

"ఇక్కడే ఎందుకు తోమారు?" అని ఆవిడని అడిగాడు.

"మరక ఉందనుకున్నానండి."

"ఏ మరక?"

"నల్లగా, గుండ్రంగా. కుండ మూతంత."

మేనేజరు మొహం మారిపోయింది. "అంచులు మసగ్గా ఉంటుందా?"

"ఆ."

"దగ్గరికెళ్తే పల్చబడుతుందా?"

"ఆ. మీకూ కనపడిందా?"

"కనపడటమేమిటమ్మా, ఆ మరక కోసమే కదా నేను..." అని ఆయన ఆగిపోయాడు. రోజూ పొద్దున లోపలికి రాగానే ఆ మరక చూసుకునే ఆయన తన గదిలోకి వెళ్లేది. అది పోగొట్టలేదనే కంపెనీలని పంపించింది. "మరి పోయిందా? మీరు తోమితే?"

ఆవిడ ఆయన భుజాలు పట్టుకోలేక, చొక్కా చెయ్యి కొసన పట్టుకుని రెండడుగులు పక్కకి జరిపింది. "ఇప్పుడు చూడండి. మరక ఎక్కడుంది?"

"ఇక్కడుంది."

"ఇటు రండి. ఇప్పుడు?"

"ఇటొచ్చింది."

"ఇక వెనక్కి తిరగండి."

ఆయన తిరిగాడు. గడియారం టిక్కుమంది. ఆయన గడియారాన్ని చూశాడు, గోడని చూశాడు, మళ్లీ గడియారాన్ని చూశాడు. ఈసారి పక్కవాణ్ణి సాక్ష్యం అడగలేదు. కడుపులో ఎక్కడో మొదలై, భుజాల దాకా పాకి, నోట్లోంచి నవ్వు బయటపడింది. మేనేజరుకి నవ్వు వచ్చునని ఆ భవనంలో ఎవరికీ తెలియదు. కాపలావాడు ఏదో ప్రమాదం అనుకుని పరిగెత్తుకొచ్చాడు.

"నేను ఇన్నాళ్లూ గడియారం చూసి జనాన్ని మానిపించాను" అన్నాడు ఆయన కళ్లు తుడుచుకుంటూ.

"నేను నయం. గడియారాన్ని తోమాను" అంది ఆవిడ. అప్పుడు కూతురికి నవ్వొచ్చింది. గొట్టం మీద పడి నవ్వింది. అల్లుడు అత్తగారి ముందు నవ్వకూడదని సీసా మూతి వైపు చూస్తూ నవ్వాడు.

పని దొరికింది. గడియారాన్ని తీసి వేరే స్తంభానికి పెట్టించారు, మరక ఆ క్షణమే మాయమైంది. మానిపించిన కంపెనీలకి మేనేజరు కబురుపెట్టి, మీ తప్పేం లేదు, చూపు తప్పు అని చెప్పుకున్నాడు. గోడ మీద తోక సున్నాలు మాత్రం ఆయన పూయనివ్వలేదు. "అలాగే ఉంచండి. ఎప్పుడు సందేహం వచ్చినా అక్కడ చల్లి చూసుకుంటాను" అన్నాడు. సందేహం ఆయనకి వారం వారం వస్తుంది.

ఇంటికెళ్లే దారిలో కూతురు తల్లిని తిట్టింది. తిడతానన్న తిట్లు బాకీ పెట్టకూడదు కదా. తిట్టి తిట్టి, వ్యాను మలుపు తిరిగేసరికి ఆవిడ భుజం మీద తల పెట్టుకుంది.

"మాట తప్పావే అమ్మా."

"తప్పాను."

"తప్పకపోతే పని పోయేది."

"అందుకని తప్పలేదులే. మరకని చూసి తప్పాను."

"తెలుసు" అంది కూతురు. "ఇక నుంచి ఎక్కడ పూత పూసినా, పరీక్షకి ముందు ఒక్క పలక నీది. నీ ఇష్టం వచ్చినట్టు తోముకో. కాని ఆ ఒక్కటే."

"చిన్న పలకా పెద్ద పలకా?"

"అమ్మా."

"అడిగానంతే."

అప్పట్నించి వాళ్లు ఏ కొత్త భవనానికి వెళ్లినా అదే వరస. అల్లుడు తుపాకీ పట్టుకుని మంచు కురిపిస్తాడు. పరీక్ష నాడు కూతురు గోడ దగ్గర నిలబడి, "అమ్మా, డబ్బా తెచ్చావా?" అంటుంది. ఎదుటివాళ్లు ఏదో కొత్త యంత్రం వస్తుందనుకుంటారు. భూతద్దం నడుం దగ్గర్నించి రేకు డబ్బా తీసి, పచ్చ పీచు విప్పి, చీర చెంగు బిగించి ముందుకొస్తుంది. ఇప్పుడు ముక్కు మీద కళ్లజోడు కూడా ఉంది.

బయట వ్యాను దగ్గర కోతలరాయుడు కొత్త కాపలావాణ్ణి పట్టుకుంటాడు. గోడకి కాదు, వ్యానుకే ఆనుకుంటాడు. "మా ఆవిడ ఒకసారి గోడ మీంచి గడియారాన్ని తుడిచేసిందోయ్. ముళ్లతో సహా. ఇక టైమెంతో చెప్పేవాడు లేక ఆ భవనంలో జనమంతా మధ్యాహ్నమే ఇళ్లకెళ్లిపోయారు. జీతం మాత్రం పూర్తిగా ఇచ్చారు."

"నిజమేనా?" అంటాడు కాపలావాడు.

"లోపలికెళ్లి చూడు. తోమేముందు ఏం చేస్తుందో."

కాపలావాడు తొంగిచూస్తాడు. లోపల భూతద్దం పొడి చల్లబోతూ ఆగి, కళ్లజోడు సర్దుకుని, వెనక స్తంభం మీద గడియారమేమన్నా ఉందేమోనని ఒకసారి తిరిగి చూసుకుంటూ ఉంటుంది.